నాయన చెప్పిన కుక్క సినిమా

పోయిన నెల ధర్మవరంలో మా తమ్ముడు శీన ఇంట్లో వారం రోజులున్నాను. అమ్మకు కాలు బెణికిందని వాడు ఫోన్ చేస్తే, హిందూపురంలో పొద్దున్నే రైలెక్కి పోయినాను. అమ్మకు ఎనభై దాటినాయి. కాలికి పట్టీ కట్టి మంచం మీద కూర్చోబెడితే ఒక్క గడియ కుదురుగా ఉండదు. కూర తరగడానికి ఇయ్యండి, బియ్యం చెరిగేదానికి ఇయ్యండి అని ఒకటే గోల. రాళ్ళు లేని బియ్యమే వస్తాండాయి కదమ్మా ఇప్పుడు అంటే, "అయితే నేనేం చేసేది?" అని నన్నే అడిగింది. ఆమెను కదలకుండా కూర్చోబెట్టేదానికి తమ్ముని కూతురు కావ్య ఒక ఉపాయం చేసింది. మూడో రోజు మధ్యాహ్నం టీవీ ముందర కుర్చీలు వేసి, "అత్తా, నువ్వెప్పుడూ చెప్తాంటావే కుక్క సినిమా, వెతికి వెతికి పట్టినా. ఇదేనా చూడు" అనింది. నలుపు తెలుపు బొమ్మ. పేర్లు పడతాంటేనే నేను కుర్చీ ముందుకు లాక్కున్నా.

ఆ సినిమాకు పెట్టిన పేరు వేరే. మా ఇంట్లో మాత్రం దాన్ని కుక్క సినిమా అనే పిలిచేవాళ్ళం. మా బతుకులు యాడినుంచి యాడికో తిరిగింది ఆ సినిమా వల్లనే అని చెప్తే ఎవరూ నమ్మరు. అయినా నేను చెప్పుకోవలసింది సినిమా గురించి కాదు, మా నాయన గురించి.

మాది గుడిబండ పక్కన ఒక చిన్న పల్లె. తాతల కాలం నుంచి ఉన్న మెట్ట భూమి, ఒక బావి. బావి ఎండినాక భూమి ఉండీ లేనట్లే అయింది. వరసగా వానలు తప్పిన తర్వాత నాయన మమ్మల్ని పెనుకొండకు తీసుకొచ్చి, దూరపు బంధువుల ఇంటి వెనక రెండు గదుల్లో పెట్టినాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, నా తర్వాత ఏడేళ్ళకు పుట్టిన శీన. నాయనకు సేద్యం కాకుండా తెలిసిన పని ఒక్కటే, వంట. పల్లెలో ఎవరింట్లో పెళ్ళైనా పొయ్యిల కాడ నిలబడి వంటవాళ్ళ చేతిలో గరిటె లాక్కునే మనిషి. ఆ సరదానే ఆఖరికి అన్నం పెట్టింది. ధర్మవరం రైల్వే స్టేషను ఎదురుగా ఒక హోటల్లో వంటకు కుదిరినాడు. ఆ హోటలుకు మంగళవారం సెలవు. సోమవారం సాయంత్రం బండికి వచ్చేవాడు, మంగళవారం సాయంత్రం బండికి పోయేవాడు. మిగతా దినాలన్నీ ఆ హోటల్లోనే తిండి, ఆడనే పడక.

ఈ వంట పని మా అవ్వకు మింగుడుపడలేదు. పల్లెలో మా ఇంటికి పనికొచ్చిన వాళ్ళందరికీ సంగటి ముద్దలు చేసి పెట్టిన చెయ్యి ఆమెది. "ఇంటికొచ్చిన వాళ్ళకు పెట్టిన వంశం మనది. దుడ్లు తీసుకోని అన్నం పెడతాడా నా కొడుకు?" అని ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు. పెనుకొండలో మా వీధి వాళ్ళందరికీ కొడుకు ధర్మవరం రైల్వేలో పనిచేస్తాడని చెప్పింది. స్టేషను ఎదురుగానే కదా, పెద్ద అబద్ధం కాదని ఆమె లెక్క. దానితో వచ్చిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పక్కింటి రామక్క ప్రతి మంగళవారం వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా, మా అల్లునికి మీ రైల్వేలో ఏమన్నా చూడరాదా?" అని అడిగేది. నాయన తల గోక్కుంటా, "చూస్తా అక్కా, మా పెద్దాయనతో మాట్లాడతా" అనేవాడు. ఆ పెద్దాయన హోటలు గల్లాపెట్టె కాడ కూర్చునే ముసలాయన. రామక్క పోయినాక అమ్మ కొంగు నోట్లో కుక్కుకోని నవ్వేది. అవ్వ మాత్రం నవ్వేది కాదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో వేరే వాసన ఉండేది. నాయన చొక్కాలో చింతపండు పులుసు, కట్టెల పొగ, ఎర్రగడ్డలు వేగిన నూనె, అన్నీ కలిసి ఉండేవి. ఎంత సబ్బు పెట్టి ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నాకైతే అదే నాయన. శీనకు పాత న్యూస్ పేపర్లో చుట్టి మైసూరుపాకు తెచ్చేవాడు. ఆ పేపరుకు నెయ్యి అంటుకోని అక్షరాలు అటుపక్కవి ఇటుపక్క కనపడేవి. నేను దాన్ని వెలుతురుకు పట్టి చదివేదాన్ని. రాత్రికి అమ్మ వండింది తింటా, "ఇంట్లో అన్నం తిని వారమయింది" అనేవాడు. వంద మందికి వండేవాడు ఆ మాట అంటే అవ్వ మొగం తిప్పుకునేది.

మంగళవారం మధ్యాహ్నం మాకు పండగ. అమ్మ చెనక్కాయల మండీ నుంచి మూటలు తెచ్చి ఇంట్లో కాయలు వలిచి ఇచ్చేది. భోజనాలైనాక చాప పరిచి, మధ్యలో కాయలు కుప్ప పోసి అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. పొట్టు చిట్లే చప్పుడు, మట్టి వాసన, వేళ్ళ చివర మంట. నాయన కూడా మాతో కూర్చోని వలుస్తా, ఆ వారం చూసిన సినిమా చెప్పేవాడు. హోటల్లో మధ్యాహ్నం భోజనాలైనాక సాయంత్రం టిఫిన్ల దాకా పొయ్యిలు ఆరిపోయేవి. ఆ రెండు మూడు గంటలు పడుకోరాదా అంటే, ఒంటరిగా పడుకోని పైకప్పు చూస్తాంటే మీరే గుర్తొస్తారని సినిమాకు పోయేవాడంట. మాకు సినిమాలు చూపించే తాహతు లేదు. ఆయన చెప్తే చాలు. ఆడమనిషి గొంతు, పోలీసోని గొంతు, గుర్రం గొంతు, అన్నీ ఆయనే. చెప్పేటప్పుడు కుడిచెయ్యి గాల్లో గుండ్రంగా తిరుగుతాండేది, గుండిగలో ఏదో కలిపినట్లు. కథ పాకానికొచ్చేకొద్దీ చెయ్యి మెల్లగా తిరిగేది. సినిమాలంటేనే పాడు అనే అవ్వ కూడా, గోడకు ఆనుకోని కళ్ళు మూసుకోని, "ఊ, తర్వాత?" అనేది.

అట్లాంటి ఒక సోమవారం. శీనకు అప్పుడు మూడేళ్ళు నిండి ఉంటాయి. ఆ ముందు రెండు వారాలు ధర్మవరంలో పెళ్ళిళ్ళ గిరాకీ ఉండి నాయన ఇంటికి రాలేదు. ఎండకు తలకు తువ్వాలు చుట్టుకోని, సంచి భుజానేసుకోని వచ్చినాడు. వాకిట్లో ఆడుకుంటున్న శీన తలెత్తి చూసి, లోపలికి పరిగెత్తి, "అమా, ఎవురో వచ్చినారు" అన్నాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటా బయటికొచ్చి చూసి ఫక్కున నవ్వింది. నేనూ నవ్వినా. అవ్వా నవ్వింది. నాయన కూడా నవ్వినాడు. నవ్వుతానే తువ్వాలు తీసి, "నేను రా, నాయన్ని" అన్నాడు. వాడు అమ్మ కాళ్ళ వెనక నక్కి, మైసూరుపాకు కోసం చెయ్యి మాత్రం ముందుకు చాపినాడు. అది చూసి మళ్ళీ నవ్వినాం. ఆ రోజు ఇంట్లో అందరూ బాగా నవ్విన రోజు అనే నాకు జ్ఞాపకం. మరునాడు మంగళవారం నాయన సినిమా ఏదీ చెప్పలేదు. తల నొప్పి అన్నాడు.

పై వారం వచ్చినప్పుడు చెప్పిందే కుక్క సినిమా.

ఒక కంపెనీలో ఒక గుమాస్తా. తెల్లారకముందే పోతాడు, ఇంట్లో అందరూ పడుకున్నాక వస్తాడు. ఒక దినం ఎవరో పెద్దమనిషి చచ్చిపోయినాడని కంపెనీకి మధ్యాహ్నం నుంచి సెలవిస్తారు. పగటి వెలుతుర్లో ఇల్లు చూసి ఎన్నేళ్ళయిందో అనుకుంటా ఇంటికొస్తాడు. వాళ్ళింటి కుక్కే ఆయన్ను పట్టుకోని పంట్లాము చింపుతుంది. భార్య సంతకు పోయింటుంది. వీధి వాళ్ళు దొంగోడని స్తంభానికి కట్టేస్తారు. నాది ఈ ఇల్లే అంటే, అయితే ఉప్పు డబ్బా యాడుంటుందో చెప్పు అంటారు. తెలీదు. పెద్దపిల్ల ఏం తరగతి? తెలీదు. మీ ఆవిడ ఏ రంగు చీర కట్టుకోని పోయింది? అదీ తెలీదు. నాయన ఇదంతా చెప్తాంటే మేము వలిచిన గింజలు పొట్టులో వేస్తాండాం, పొట్టు గింజల్లో వేస్తాండాం. కుక్క గొంతు, గుమాస్తా గొంతు, జనం గొంతు ఒకదాని మీద ఒకటి. అవ్వకు నవ్వి నవ్వి పొలమారింది.

ఆ తర్వాత నాయన చెయ్యి తిప్పడం ఆపినాడు. "అప్పుడు ఆ గుమాస్తా కొడుకు కిటికీలోంచి చూస్తాడు. చిన్నోడు. మన శీన అంత ఉంటాడు. చూసి, అమా, ఎవురో వచ్చినారు అంటాడు" అన్నాడు. నేను నవ్వబోయి అమ్మ మొగం చూసి ఆగినా. అమ్మ కాయలు వలవడం ఆపింది. నాయన ఎవరి వైపూ చూడకుండా, నీళ్ళ చెంబు వైపు చూస్తా, ఏ గొంతూ మార్చకుండా తన మామూలు గొంతుతోనే మిగతాది చెప్పినాడు. భార్య వచ్చి కట్లు విప్పుతుంది. విప్పి, "ఆడ చేసే పనేదో ఈడ చేయరాదా? నేనూ ఒక చెయ్యేస్తా" అంటుంది. ఇద్దరూ కలిసి ఇంటి ముందర చిన్న అంగడి పెట్టుకుంటారు. పిల్లోడు అంగడి అరుగు మీద కూర్చోని ఆడుకుంటాంటాడు. అంతే సినిమా. "బలే ఉండాదే" అన్నా నేను. అవ్వ, "గుమాస్తా పని ఇడిసి అంగడి పెట్టినాడా, తిక్కోడు" అని లేచి పోయింది. సాయంత్రం నాయన బండికి పోతాంటే అమ్మ వాకిలి దాకా వచ్చి, ఎప్పుడూ లేనిది, వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది.

ఆ ఆదివారం అమ్మ నన్ను తీసుకోని హిందూపురం పోయింది. శీనను అవ్వకు అప్పగించింది. చిన్నమ్మకు ఒంట్లో బాగలేదంట, చూసొస్తాం అని చెప్పింది. చిన్నమ్మ చూస్తే రాయిలాగుంది. ఆమె ఇంట్లో మజ్జిగ తాగి, ముగ్గురం నేరుగా సినిమాహాలుకు పోయినాం. నా బతుకులో అంత ఆశ్చర్యం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. అమ్మ సినిమాకు పోవడమే ఒక వింత. అందులోనూ అవ్వకు చెప్పకుండా పోవడం! ఆడవాళ్ళ బెంచీల మీద కూర్చున్నాం. చిన్నమ్మ బొరుగులు పొట్లం కొనిచ్చింది. కుక్క రాగానే హాలంతా ఈలలు. నాయన చెప్పింది చెప్పినట్లే జరుగుతాంటే నాకు ముందే తెలుసని గర్వంగా ఉండేది, పక్కన కూర్చున్న ఆమెకు ముందే చెప్పి తిట్లు కూడా తిన్నాను. అమ్మ మాత్రం నవ్వలేదు. సంతలో తప్పిపోయిన మనిషిని వెతుకుతాండే దానిమాదిరి మెడ సాచి తెర వైపే చూస్తాండాది.

తెర మీద గుమాస్తాను విడిపించేదానికి కంపెనీ యజమాని కారులో వచ్చినాడు. కుక్క ఆయన్నూ కరిచింది. హాలు దద్దరిల్లింది. గుమాస్తా కట్లతోనే, "ఈ ఇంటి కోసమే కదయ్యా నేను ఆ పని చేసేది? ఈ ఇంటికే నేను తెలియకపోతే ఇంక ఆ పని ఎవరికోసం?" అన్నాడు. ఈలలేసినోళ్ళందరూ గమ్మునైపోయినారు. యజమానికి బుద్ధొచ్చింది. వారానికో దినం సెలవు, జీతం కూడా పెంచినాడు. అందరూ కలిసి సముద్రం కాడికి పోయినారు. లైట్లు వెలిగినాయి. నేను లేవలేదు. "అమా, కిటికీలో పిల్లోడు రాలేదే? అంగడి పెట్టలేదే?" అన్నా. అమ్మ నా వైపు తిరిగి, గౌను మీద పడిన బొరుగులు దులుపుతా, "నువ్వు నిద్రపోయినావు మే. అప్పుడొచ్చింది" అనింది. "నేను నిద్రపోలేదే" అంటే, "నిద్రపోయినోళ్ళకు నిద్రపోయినట్లు తెలుస్తుందా?" అనింది చిన్నమ్మ. ఇద్దరు పెద్దోళ్ళు చెప్పినాక ఇంక నేనేం చేసేది? మొదటిసారి సినిమాకు పోయి, ముఖ్యమైన కాడ నిద్రపోయినందుకు రైల్లో పెనుకొండ దాకా ఏడుస్తానే వచ్చినా. అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకోని కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చునింది.

మరునాడు నాయన వచ్చినాడు. కంచం ముందర కూర్చోబెట్టి, ముద్ద మీద పుంటికూర వేస్తా అమ్మ అడిగింది, "బస్టాండు కాడ రేకుల కొట్టు ఖాళీగా ఉండాది. అడిగొచ్చినా. ఉగ్గాని, బజ్జీ, ఇడ్లీ. పొద్దున నువ్వు పొయ్యి కాడ ఉండు, నేను రుబ్బుతా, వడ్డిస్తా. ఏమంటావు?"

నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే చెప్తివి కదా. ఆ సినిమాలో ఆయమ్మ అనిందని."

నాయన తల దించుకోని కంచంలో కెలుకుతా ఉండిపోయినాడు. తర్వాత మెల్లగా, "ఆయమ్మకు అత్త లేదు" అన్నాడు.

అత్త గడప కాడనే ఉంది. ఆ రోజు అవ్వ చేసిన రచ్చ నేను జన్మలో మర్చిపోలేను. కొడుకు వండేది ఒక ఎత్తయితే, కోడలు బస్టాండులో నలుగురి ముందర ఎంగిలాకులు ఎత్తేది ఇంకో ఎత్తంట. "వీధి వాళ్ళకు రైల్వే అని చెప్పుకొచ్చినానే, ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని తిరగాల?" అనింది. అమ్మ ఏనాడూ అత్తకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ దినం మాత్రం గరిటె కింద పెట్టి, "రైల్వేకి రాజీనామా ఇచ్చినాడని చెప్పు అత్తా" అనింది. నాయన నవ్వు ఆపుకోలేక పొలమారి దగ్గినాడు. అవ్వ పొద్దున్నే మూట కట్టుకోని, గుడిబండలో మా మేనత్త ఇంటికి బస్సెక్కి పోయింది. పోతా పోతా, "నేను చచ్చినా ఆ కొట్టు గడప తొక్కను" అనింది.

కొట్టు తెరిచినారు. గడవడం చెప్పినంత సులభంగా లేదు. మొదటి వారాల్లో సగం ఇడ్లీలు మేమే తిన్నాం. పొద్దున చుక్క ఉండగానే లేచి అమ్మ రుబ్బురోలు కాడ కూర్చుంటే, నాయన పొయ్యి ఊదుతాండేవాడు. బడికి పోయేముందు నేను ఉగ్గానికి బొరుగులు నానబెట్టి నీళ్ళు పిండి పెట్టేదాన్ని. శీన ఒక పాత గోనెసంచి మీద కూర్చోని కరివేపాకు దూస్తాండేవాడు, దూసిందాంట్లో సగం తింటాండేవాడు. ఒక దినం సాంబారు గుండిగ దించుతాంటే అమ్మ చెయ్యి కాలింది. బొబ్బలు చూసి నాయన, "ఇంగ వద్దు. నేను ధర్మవరం పోతా" అన్నాడు. అమ్మ కాలిన చెయ్యి పైకెత్తి పట్టుకోని, రెండో చేత్తో బెంగుళూరు బస్సోళ్ళకు నీళ్ళు పోస్తా, "పో. పోయి మళ్ళీ ఎవురో వచ్చినారు అనిపించుకో" అనింది. నాయన ఇంక ఆ మాట ఎత్తలేదు.

అవ్వ రెండు నెలలకు వచ్చింది. గుడిబండ నుంచి వచ్చే బస్సు మా కొట్టు ముందరనే ఆగుతుందని ఆమె ఎట్ల మర్చిపోయిందో మాకు తెలీదు. మర్చిపోలేదని అమ్మ అంటాంటుంది. మూట చంకనేసుకోని దిగి, కొడుకు బజ్జీలు వేస్తాంటే చూస్తా నిలబడింది. అదే టయానికి రామక్క ఉగ్గాని పొట్లం కట్టించుకుంటాండాది. "ఏమవ్వా, మీవాడు రైల్వేలో కదా?" అనింది ఎత్తిపొడుపుగా. జనం ముందర అవ్వ ఏమంటుందో అని నాయన చెయ్యి బాణలి మీద ఆగిపోయింది. అవ్వ మూట కింద పెట్టి, "రైల్వేలోనూ వండేవాడే. ఈడ పెండ్లాం బిడ్డల కండ్లముందర వండుతాండాడు. నీకేమన్నా నొప్పా?" అనింది. అని, చెప్పులు విడిచి లోపలికొచ్చి, చెనక్కాయల ఊరిబిండి గిన్నెలో వేలు పెట్టి నాకి, "తెల్లగడ్డ చాలలేదు. ఎవురు నూరినారు ఇది?" అని అమ్మ చేతిలో పొత్రం లాక్కునింది. ఆ తర్వాత పదేళ్ళు, బతికున్నన్నాళ్ళూ, ఆ చట్నీ ఇంకెవర్నీ నూరనీలేదు.

అన్నీ బాగైపోయినాయని చెప్తే అబద్ధమవుతుంది. మంగళవారాల పండగ పోయింది. ఇంట్లోనే ఉండే మనిషికి సినిమా చూసే తీరిక యాడిది? కథలు చెప్పే నాయన పోయి, పప్పు మాడిందని అమ్మతో గొడవపడే నాయన, సాయంత్రం కాళ్ళు చాపుకోని కూర్చున్న కాడనే కునికిపాట్లు పడే నాయన వచ్చినాడు. నాకు పాత నాయనే బాగుండేవాడని అప్పట్లో చాలాసార్లు అనిపించింది. ఆ మాట పైకి అనలేదు గానీ ఒకసారి శీన అనేసినాడు. పలక పగలగొట్టినాడని నాయన వీపు మీద ఒకటేస్తే, "నువ్వు మళ్ళీ ధర్మవరం పో!" అని అరిచినాడు. నాయనకు కోపం వస్తుందనుకున్నా. ఆయన మొగం వెలిగిపోయింది. "ఇన్నావా మే? వీడు నన్ను పొమ్మంటాండాడు" అని అమ్మకు పండగ కబురు చెప్పినట్లు చెప్పినాడు. అప్పుడు నాకు తిక్కగా అనిపించింది. నేను పెండ్లయి పిల్లల్ని కన్నాక అర్థమయింది. కొత్తవాళ్ళను చూసి పిల్లలు దాక్కుంటారు. సొంతోళ్ళ మీదనే అరుస్తారు.

ఆ కొట్టు మీదనే నేను టీచరు ట్రైనింగు చదివినా, శీన ధర్మవరంలో చీరల వ్యాపారం పెట్టినాడు. నాయన పోయి పన్నెండేళ్ళయింది. బస్టాండు కాడ రోడ్డు వెడల్పు చేసి రేకుల కొట్లన్నీ తీసేసినారు. ఇప్పుడు ఆడ నిలబడితే మా పొయ్యి యాడుండేదో నాకే తెలీదు.

టీవీలో సినిమా అయిపోయింది. యాభై ఏళ్ళ తర్వాత, ఈసారి రెప్ప కూడా వేయకుండా చూసినా. పిల్లోడు రాలేదు. కిటికీయే లేదు ఆ ఇంటికి. గుమాస్తా సముద్రం కాడ పిల్లల్ని ఎగరేస్తాంటే బొమ్మ ఆగిపోయింది. కావ్య, "అంగడి పెడతారంటివే అత్తా?" అని నన్నడిగింది. నేను అమ్మ వైపు తిరిగినా. "అమా, నేను ఆ దినం నిద్రపోలేదు" అన్నా.

అమ్మ పట్టీ కట్టిన కాలు సర్దుకుంటా, "యాడ నిద్రపోయినావు? నీ అరుపులకు పక్కనామె కూడా నిద్రపోలేదు" అనింది.

"మరి నాయనే కల్పించి చెప్పినాడని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసుకుందామనే కదా పోయింది. ఆయన చెప్పిన తీరుకు అనుమానమొచ్చింది. సినిమాలో ఉంటే అది ఆ సినిమావాళ్ళ మాట. లేకపోతే మీ నాయన మాట. మీ నాయన మాటయితే ఎంత కష్టమైనా చేయాల అనుకునే కూర్చున్నా ఆడ."

తెర వైపు ఆమె అంత ఆత్రంగా ఎందుకు చూసిందో ఇన్నేళ్ళకు తెలిసింది. పిల్లోడు వస్తాడేమోనని భయపడుతా చూసింది. "ఆయనకెప్పుడన్నా చెప్పినావా, నువ్వు చూసినావని?"

"యాల చెప్పేది? చెప్తే సిగ్గుపడేవాడు. ఆ మనిషి బతుకులో తనకోసం అడిగింది అదొక్కటే. అదీ కుక్కను అడ్డం పెట్టుకోని అడిగినాడు. అది కూడా పట్టేసినానని తెలిస్తే ఇంకెప్పుడూ ఏమీ అడిగుండడు" అనింది అమ్మ.

మేమిద్దరం కండ్లు తుడుచుకుంటాంటే కావ్య మమ్మల్నే చూస్తాండాది. ఆమెకు మూడేళ్ళ కూతురు. మొగుడు బెంగుళూరులో కంపెనీ పని. ప్రసవానికి వచ్చిన పిల్ల, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఈడే ఉండిపోయింది. ఆయన పదిహేను దినాలకొకసారి శనివారం బండికి వస్తాడు, ఆదివారం సాయంత్రం పోతాడు. పాపకు రోజూ ఫోన్లో కనపడతాడు కాబట్టి ఎవురో అనుకోదు. మా కాలానికీ ఈ కాలానికీ ఉన్న తేడా అదేనని నేను ఇన్నాళ్ళూ అనుకుంటాండా. మొగం తెలిస్తే చాలా అని ఆ మధ్యాహ్నం నాకు అనుమానమొచ్చింది. ఫోన్లో తండ్రి మొగానికి ముద్దుపెట్టే ఆ పాప, ఆయన ఇంటికొచ్చి ఎత్తుకుంటే కొంచెం సేపు బిగదీసుకుంటుంది. నేను చూసినా. కావ్య కూడా చూసే ఉంటుంది.

అమ్మ కూడా చూసినట్లుంది. "ఏం కావ్యా, మీ ఆయన ఏమంటాడు? ఆడ ఇల్లు చూస్తాననలేదా, నిన్ను రమ్మనలేదా?" అని అడిగింది.

"ఏమీ అడగడు అవ్వా. నీ ఇష్టం అంటాడు. మొన్న మాత్రం పక్క ఫ్లాటు వాళ్ళ పాప వాళ్ళ నాయన కోసం గేటు కాడ నిలబడుకోని ఉంటుందని, దాని గురించే అరగంట చెప్పినాడు" అనింది కావ్య. చెప్తా చెప్తానే ఆగిపోయింది.

కావ్య కాసేపు చేతిలో రిమోటు తిప్పుతా కూర్చునింది. తర్వాత లేచి, ఫోన్ తీసుకోని వరండాలోకి పోయింది. తలుపు దగ్గరగా వేసుకునింది గానీ గొంతు వినపడతానే ఉంది. "ఏమండీ, పనిలో ఉండారా? ఏం లేదు. ఆ పక్క ఫ్లాటు పాప సంగతి ఇంకోసారి చెప్పండి."